లాలాపేట్ గదిలో ఐదో తీగ

మేముండేది లాలాపేట్‌లో, మొదటి అంతస్తులో. కొత్త బేస్ గిటార్ ఇంటికి తెచ్చిన మూడో రోజు సాయంత్రం కింది పోర్షన్ పెద్దమ్మ మెట్లెక్కి వచ్చింది. "బిడ్డా, నువ్వు వాయించేది మాకేం వినొస్తలేదు. గానీ వంటింట్ల స్టీలు గిలాసలు మాత్రం ఒక్కతీరుగ గలగలమంటున్నయ్" అంది. కోపంగా కాదు, వింతగా అడిగింది. "సౌండు తగ్గిస్త పెద్దమ్మా" అన్నాను. ఆమె దిగి వెళ్లిపోయినా ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. పాట వినబడకుండా గిలాసలెలా మోగుతాయి? నాలుగేళ్లుగా ఈ గిటార్ నా చేతిలో ఉంది. దాని గురించి నేను తెలుసుకున్నదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

నేను కొన్నప్పుడు గిటార్ ఖరీదు 38,000 రూపాయలు. ఇంతకంటే చవకవీ ఉన్నాయి, లక్షలు దాటేవీ ఉన్నాయి. ఇది మధ్య రకం. తయారీ ఇండోనేషియాలో. ఈ ధరలో దొరికే ఎలక్ట్రిక్ గిటార్లు చాలా అక్కడ తయారవుతాయి. బరువు నాలుగు కిలోల పైచిలుకు. రెండు పికప్‌లు, లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్, అయిదు తీగలు. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఇక్కడ చెప్పేది ఈ ధరలో ఉన్న అయిదు తీగల గిటార్లన్నిటికీ వర్తిస్తుంది.

నాలుగు తీగలు చాలవా అని చాలామంది అడిగారు. నేను ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. నాకు జవాబు దొరికింది అక్కడే. మన గాయకులు శ్రుతి చెప్పే లెక్క ఒకటి ఉంది కదా: ఒకటి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, రెండు అంటే డి, రెండున్నర అంటే డి షార్ప్, మూడు అంటే ఇ. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కింది స్వరం ఇ, అంటే మూడు శ్రుతి. మగగొంతులు ఎక్కువగా పాడేది ఒకటికీ రెండున్నరకూ మధ్య. గాయకుడు "రెండులో పెట్టు తమ్ముడూ" అనగానే నాలుగు తీగల బేస్ వాయించేవాడు ఆధార షడ్జమాన్ని పై స్థాయిలో పట్టుకోవాల్సిందే. పునాది వేయాల్సిన వాద్యమే మేడ మీదికి ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. అయిదో తీగ కింద చేర్చేవి సరిగ్గా అయిదు స్వరాలు: డి షార్ప్, డి, సి షార్ప్, సి, బి. మన మగవాళ్ల శ్రుతులు నాలుగూ అందులోనే ఉన్నాయి. మన పాటకు ఈ తీగ అవసరమని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే. వీణ వాయించేవాళ్లకు ఇది కొత్త కాదు. సారణి, పంచమం, మంద్రం తర్వాత అనుమంద్రం ఉండనే ఉంది.

బేస్ గిటార్ వయసు పెద్దదేమీ కాదు. అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ 1930ల నడుమ ఒకటి చేశాడు గానీ అది జనంలోకి వెళ్లలేదు. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌తోనే మనిషెత్తు డబుల్ బేస్ పని భుజాన వేసుకునే కర్రలోకి వచ్చింది. కింద బి-తీగ ఉన్న అయిదు తీగల బేస్‌ను 1970ల నడుమ జిమ్మీ జాన్సన్ అనే వాద్యకారుడు అలెంబిక్ కంపెనీ చేత చేయించుకున్నాడు. 1980లలో కీబోర్డు సింథసైజర్లు ఇ కంటే కిందికి దిగి వాయించడం మొదలయ్యాక మిగతా బేస్ వాద్యకారులకూ ఆ తీగ కావాల్సి వచ్చింది. మన చెవికి బేస్ రుచి చూపించింది సినిమా పాట. "సాగర సంగమం" (1983), "గీతాంజలి" (1989) పాటల్ని మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంకోసారి వినండి. ఇళయరాజా కూర్పులో బేస్ తీగ తాళం వేసి ఊరుకోదు, గాయకుడి పక్కన మరో పాట పాడుతూ నడుస్తుంది. మా పక్కనున్న లాలాగూడలో 1893లో నిజాం కాలపు రైల్వే వర్క్‌షాప్ వెలిసింది. దానితోపాటే లాలాగూడ, మెట్టుగూడ రైల్వే కాలనీల్లో ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలూ వాళ్ల గిటార్లూ డ్యాన్సులూ వచ్చాయి. ఈ పేటల్లో బేస్ శబ్దం పరాయిది కాదు.

ఇక తీగ సంగతి. తీగ పలికే స్వరాన్ని శాసించేవి మూడు: పొడవు, బిగువు, బరువు. ఫ్రాన్స్‌లో మారిన్ మెర్సెన్ అనే మతగురువు 1636లో ఈ లెక్కను అచ్చు వేశాడు. పొడవు రెట్టింపైతే స్వరం ఒక స్థాయి దిగుతుంది. అదే ఒక స్థాయి బిగువు తగ్గించి దించాలంటే బిగువును నాలుగో వంతుకు తేవాలి, బరువు పెంచి దించాలంటే బరువును నాలుగింతలు చేయాలి. మన ఇ-తీగ సెకనుకు 41.2 సార్లు కంపిస్తుంది, బి-తీగ 30.87 సార్లు. ఇ-తీగనే వదులు చేసి బి-కి దించితే బిగువు 56 శాతానికి పడిపోతుంది. బట్టలారేసే తాడులా వేలాడి, నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు ఫ్రెట్లకు కొట్టుకుంటుంది. పొడవు పెంచుదామా అంటే వేళ్లు అందవు. సాధారణంగా బేస్ తీగ పొడవు 34 అంగుళాలు. కొన్ని అయిదు తీగల గిటార్లకు 35 పెడతారు, దాంతో బిగువు 6 శాతం పెరుగుతుంది. నాది 34.

మిగిలింది బరువు పెంచడం. ఆ కిటుకు మన మృదంగ విద్వాంసులకు తరతరాలుగా తెలుసు. కచేరీ మొదలయ్యే ముందు ఎడమవైపు తొప్పి మీద తడిపిన బొంబాయి రవ్వ ముద్దను అద్దుతారు. చర్మం బరువెక్కి కంపనం నెమ్మదిస్తుంది, నాదం కిందికి దిగుతుంది. కుడివైపు నల్లటి పూతలోని మర్మాన్ని సి.వి. రామన్ 1920లోనే పరిశోధించి రాశారు. బేస్ తీగలో రవ్వ ముద్ద చేసే పనిని లోహపు చుట్టు చేస్తుంది. నడుమ సన్నటి ఉక్కు తీగ, దాని మీద పొరలు పొరలుగా చుట్టిన నికెల్ పూత తీగ. నా బి-తీగ మందం అంగుళంలో వెయ్యింట 130 వంతులు, అంటే 3.3 మిల్లీమీటర్లు. అది నెక్‌ను లాగే బలం 15 కిలోల బరువుకు సమానం. అయిదు తీగలూ కలిపితే 90 కిలోలకు పైనే. ఒక పెద్ద మనిషి బరువంత లాగుడును ఆ సన్నటి నెక్ రాత్రింబవళ్లు ఓర్చుకుంటోంది.

నడుమనున్న ఉక్కును సన్నగా ఉంచి చుట్టుతోనే ఎందుకు బరువు పెంచుతారు? మొత్తం ఉక్కుతోనే లావుగా చేస్తే తీగ వంగదు, కడ్డీలా మారుతుంది. మంచి తీగ ఒకే స్వరం పలకదు. మూల స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగం గల అనుస్వరాలూ పలుకుతాయి. బి-తీగలో 31, 62, 93, 124 హెర్ట్జ్... ఇలా. తీగలో మొండితనం ఉంటే ఈ వరస చెడి, పై అనుస్వరాలు ఉండాల్సిన చోటు నుంచి ఇంకా పైకి జరుగుతాయి. చెవికి ఏ స్వరమో తేలదు, "దబ్" మన్న చప్పుడే మిగులుతుంది. మధ్య రకం గిటార్లలో ముందుగా దొరికిపోయే లోపం ఇదే. నా గిటార్ దుకాణం నుంచి వచ్చినప్పుడు పై నాలుగు తీగలూ చక్కగా పలికాయి, అయిదోది బురదలో కాలు వేసినట్టుంది. గిటార్ చెడ్డదేమో అని దిగులుపడ్డాను. దాంతో వచ్చిన తీగలు తీసేసి, సన్నటి ఉక్కు నడుము ఉన్న 130 తీగ వేయించి, బ్రిడ్జ్ దగ్గర పొడవు సరిచేయించాక కొత్త గొంతు వచ్చింది. ఖర్చు మూడు వేల లోపే.

అయినా అసలు ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. 31 హెర్ట్జ్ మనకు నిజంగా వినిపిస్తోందా?

మనిషి చెవి వినగలిగే కింది హద్దు 20 హెర్ట్జ్ అని పుస్తకాలు రాస్తాయి. హద్దు దగ్గర చెవి ఎంత మందగిస్తుందో 1933లో అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొలిచి చూపించారు. ఇప్పటి కొలతల ప్రకారం 31 హెర్ట్జ్ శబ్దం లీలగా చెవిన పడాలంటేనే 60 డెసిబెల్స్ తీవ్రత కావాలి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేంత తీవ్రత అది. 1,000 హెర్ట్జ్ దగ్గరైతే రెండు మూడు డెసిబెల్స్ చాలు. పైగా 31 హెర్ట్జ్‌ను బయటికి నెట్టే స్పీకర్ ఏది? ఆంపెగ్ కంపెనీ ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్ రాక్ వేదికల మీద పేరుపడ్డది, ఎత్తు మనిషి ఛాతీ దాకా ఉంటుంది. అది కూడా 58 హెర్ట్జ్ దగ్గరే తగ్గుముఖం పడుతుంది. నా చిన్న యాంప్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మరి నేను బి-తీగ మీటినప్పుడు లోతైన బి ఎలా వింటున్నాను? సగం పని మెదడు చేస్తోంది. 62, 93, 124, 155 హెర్ట్జ్‌లు కలిసి వచ్చినప్పుడు వాటి మధ్య దూరం అంతటా 31 అని అది పట్టేస్తుంది. "ఇంత చక్కటి వరసకు కింద మూల స్వరం ఉండే తీరాలి" అని లేని 31ని నింపుకుంటుంది. జర్మనీలో ఆగస్ట్ జేబెక్ 1841లో చిల్లుల చక్రం సైరన్‌తో ప్రయోగాలు చేస్తూ ఈ వింతను గమనించాడు. మూల స్వరం దాదాపు లేకపోయినా మనుషులు దాన్నే వింటున్నారని ఆయన అంటే, ఓమ్ నియమం చెప్పిన ఓమ్ ఒప్పుకోలేదు. ఇద్దరి మధ్యా పెద్ద వాదమే నడిచింది. ఈరోజు ఆ వాదం మన జేబులోనే తేలిపోతుంది. ఫోన్ స్పీకర్‌కు 200 హెర్ట్జ్ కింద బలం దాదాపు ఉండదు. అయినా ఫోన్లో పాట వింటూ బేస్ నడకను మనం పోల్చుకుంటాం, పాడి చూపించగలం కూడా.

అందుకే మంచి అయిదో తీగ అంటే 31 హెర్ట్జ్‌ను గట్టిగా కొట్టేది కాదు. దాని అనుస్వరాల వరస చెదరకుండా ఉండాలి. వరస శుభ్రంగా ఉంటే మిగతాది మన తల పూర్తి చేస్తుంది, చెదిరితే ఎంత పెద్ద యాంప్ పెట్టినా ఆ స్వరం రాదు. నాలుగేళ్లలో ఈ గిటార్ నాకు నేర్పిన ముఖ్యమైన పాఠం ఇదే.

అనుస్వరాలు కంటికి కూడా కనిపిస్తాయి. పోస్ట్‌కార్డు ముక్క ఒకటి సన్నగా కత్తిరించి, గుర్రపు జీనులా మడిచి బి-తీగ మీద సరిగ్గా నడిమధ్య, 12వ ఫ్రెట్ మీద కూర్చోబెట్టండి. ఇంకొకటి నాలుగో వంతు దగ్గర, 5వ ఫ్రెట్ మీద పెట్టండి. బి-తీగను ముట్టకుండా ఎ-తీగ రెండో ఫ్రెట్‌ను గట్టిగా మీటండి. అది 62 హెర్ట్జ్ బి. కర్ర గుండా ఆ కంపనం పాకి, ముట్టని తీగ దానంతట అదే రెండు భాగాలుగా ఊగుతుంది. నాలుగో వంతు దగ్గరి కాగితం వణికి పక్కకు జారుతుంది, నడిమధ్యది కదలకుండా కూర్చుంటుంది. ఇంటర్‌లో మనం చదివిన ప్రస్పందన, అస్పందన బిందువులు ఇవే. పిల్లల ముందు చేసి చూపించాను, పదిసార్లు చేయించుకున్నారు. వాయించేవాడికి ఇదే తలనొప్పి కూడా. వేరే తీగ వాయిస్తుంటే బి-తీగ తనంతట తాను పలుకుతూ పాటను మసకబారుస్తుంది. దాని మీద కుడిచేతి బొటనవేలు ఎప్పుడూ ఆనించి ఉంచడం అలవాటు కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఇప్పుడు పెద్దమ్మ గిలాసల దగ్గరికి వద్దాం. నా గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. మన వేడికి ధ్వని సెకనుకు దాదాపు 349 మీటర్లు నడుస్తుంది. 31 హెర్ట్జ్ తరంగం పొడవు 11 మీటర్లు దాటుతుంది, గదిలో పట్టదు. గది తనకు తానుగా మోగే స్వరాలు వేరు. గోడల మధ్య దూరానికి రెండింతల పొడవున్న తరంగాన్ని అది అందుకుంటుంది: 12 అడుగుల వైపు 48, 10 అడుగుల వైపు 57 హెర్ట్జ్. ఎ-తీగ 55, దాని మొదటి ఫ్రెట్ 58. ఆ రెండూ నా గదిలో ఎప్పుడూ ఉబ్బి పలికేవి. గిటార్ దోషమనుకున్నాను, దోషం గదిది. గోడను ఆనుకుని వింటే ఆ స్వరం గుండెల్లో మోగుతుంది, గది నడుమకు వస్తే సగం మాయమవుతుంది.

ఒక సాయంత్రం పెద్దమ్మను వంటింట్లో నిలబెట్టి, పైన ఒక్కో ఫ్రెట్ వాయించుకుంటూ వచ్చాను. ఎ దగ్గరికి రాగానే కిందనుంచి కేక వినిపించింది: "ఇగో, గిదే!" యాంప్ నేల మీదే ఉంది. దాని ఊపు స్లాబులోకి, గోడలోకి, షెల్ఫులోకి దిగింది. గోడ ఏదైనా పై స్థాయి శబ్దాన్ని ఎక్కువ ఆపుతుంది, ఒక్కో స్థాయి కిందికి దిగేకొద్దీ దాదాపు 6 డెసిబెల్స్ తక్కువ ఆపుతుంది. పాట ఆగిపోయి అడుగు స్వరం మాత్రమే కిందికి చేరింది. అది చేరేసరికి ఆమె చెవి పట్టుకోగలిగినంత బలం మిగల్లేదు, గిలాసలను ఒకదానికొకటి తగిలించేంత బలం మాత్రం ఉంది. గిలాసల గలగల వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది, మన చెవికి అక్కడే పదును ఎక్కువ. స్వరం వినబడకుండా గిలాసలు ఎలా మోగాయో ఇప్పుడు తేలింది. యాంప్‌ను పాత బొంత మీద, కుర్చీలో పెట్టాక గొడవ తీరింది. మా ఇంటికి దగ్గరలోనే హబ్సిగూడలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది. చెవికి అందనంత నెమ్మదైన భూకంపనాలను అక్కడ యంత్రాలతో వింటారు. ఆ రోజు మాకు పెద్దమ్మ గిలాసలే సీస్మోగ్రాఫ్.

మరో శబ్దం సంగతి చెప్పాలి, అది కరెంటుది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. 1831లో ఫారడే చెప్పినట్టు, దాని ముందు ఉక్కు తీగ ఊగితే రాగిలో విద్యుత్తు పుడుతుంది. ఊగేది గిటార్ తీగా, గోడలోని వైరింగ్ వదిలే అయస్కాంత క్షేత్రమా అన్నది పికప్‌కు తెలియదు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఇ-తీగ మూడో ఫ్రెట్ జి 49 హెర్ట్జ్. అందుకే మన దేశంలో యాంప్ హమ్ జి-కి అంటుకుని వినిపిస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు చుట్లను ఎదురెదురుగా కలిపి ఈ హమ్‌ను రద్దుచేసే పికప్ తయారుచేశాడు. నా గిటార్‌లో రెండు పికప్‌లూ సమంగా తెరిస్తే హమ్ పోతుంది, ఒకటే తెరిస్తే వస్తుంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా తమాషా. దాని లోపలి ఇనుము కరెంటు ఒక్కసారి అటూ ఇటూ ఊగేలోగా రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది కాబట్టి అది 100 హెర్ట్జ్‌లో గుంయ్ మంటుంది. మన జి-తీగ 98. రాత్రి కిటికీ తెరిచి జి-తీగ మీటితే రెండు శబ్దాలూ కలిసి సెకనుకు రెండుసార్లు హెచ్చుతూ తగ్గుతూ ఊగుతాయి. విస్పందనాలంటే ఏమిటో నాకు కాలేజీలో అర్థం కాలేదు, ఆ కిటికీ దగ్గర అర్థమైంది.

హమ్ ఎక్కువగా ఉందని యాంప్ ప్లగ్గుకు మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరగ్గొట్టేవాళ్లను పెళ్లి పందిళ్లలో చూశాను. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి. గిటార్ తీగలు బ్రిడ్జ్ ద్వారా యాంప్ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. యాంప్‌లో ఏదైనా వైరు తెగి తగిలితే ఆ కరెంటు వాయించేవాడి వేళ్ల మీదికే వస్తుంది, అటు పెదవులు మైకుకు తగిలితే ప్రాణమే పోవచ్చు.

ఇక కొనబోయేవాళ్లకు నా అనుభవం. నెక్ వెడల్పు మొదట్లో చేతికి బరువనిపిస్తుంది, రెండు నెలల్లో అలవాటవుతుంది. మే ఎండలకూ జూలై ముసురుకూ నెక్ కొంచెం వంగుతుంది, ఏడాదికి రెండుసార్లు సెటప్ చేయించాలి. వాయించడం అయ్యాక కేబుల్ జాక్ తీసేయాలి, లేకపోతే బ్యాటరీ రాత్రంతా ఖర్చవుతూనే ఉంటుంది. చాలా గిటార్లలో జాకే స్విచ్చు. ఈ ధరకు కర్ర, పికప్‌లు, పనితనం బాగానే ఉన్నాయి. నేను మళ్లీ కొన్నా ఇదే కొంటాను.

దుకాణంలో రంగూ మెరుపూ తర్వాత చూడండి. ముందు బి-తీగ అయిదో ఫ్రెట్ నొక్కి మీటండి, వెంటనే పక్కనున్న ఇ-తీగ విడిగా మీటండి. రెండూ ఒకే ఇ. రెండూ ఒకే మనిషి గొంతులా వినిపిస్తే డబ్బు కట్టండి. అయిదో తీగ మీది ఇ మొద్దుబారినట్టుంటే తీగలు మార్చి వినిపించమని అడగండి. అప్పటికీ మారకపోతే ఆ గిటార్‌ను అక్కడే వదిలేసి రండి.